పడమటి గొట్టం

అరవై ఎనిమిదో సంవత్సరం ఎండలు ముదిరేనాటికి మా ఇంట్లో అన్నం దగ్గర కూడా గ్రీను మాటే. పోర్ట్‌బ్లెయర్ చివర, డాలీగంజ్ అవతల సముద్రం వైపు ఉన్న కొండ మీద అధికార్లు గోల్ఫు ఆడుకోవడానికి మైదానం తయారుచేస్తున్నారు. ఆ ఆటలో బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి చివరికి చిన్న గుంటలో పడేస్తారు. గుంట చుట్టూ చాప పరిచినంత నున్నగా ఉండే గడ్డి జాగాను గ్రీను అంటారు. వాటిని కట్టే మేస్త్రీ మా ఆయన సత్యారావు. నేనూ అక్కడే తట్ట మోసేదాన్ని.

“గెడ్డెయ్యడానికి మేస్త్రీ ఎందుకే ఎరుకా?” అని మా అత్త మహాలక్ష్మమ్మ నవ్వేది. పనిలోకి వెళ్ళేదాకా నేనూ నవ్వినదాన్నే. కానీ ఈ దీవుల్లో వాన మొదలైతే నెలల తరబడి వదలదు. నీళ్ళు నిలిస్తే గడ్డి కుళ్ళిపోతుంది, బంతి దొర్లదు. అందుకని ముందు నేలను లోతుగా తవ్వాలి. అడుగున చేప ముల్లులాగా, మధ్యలో ఒకటి, దానికి అటూ ఇటూ ఏటవాలుగా కాలువలు తియ్యాలి. వాటిలో కాల్చిన మట్టి గొట్టాలు పేర్చి పైన కంకర, కంకర మీద గరుకు ఇసుక పొయ్యాలి. ఆ పైన ఇసుకలో చివికిన రంపపు పొట్టు కలిపి పరవాలి. అప్పుడు గరిక నాటాలి. ఈ దీవుల్లో ఏటి ఇసుక ఎక్కడుంది? సముద్రపు ఇసుకనే కిందటి వానాకాలమంతా కుప్పలుగా వదిలేస్తే ఉప్పు కడుక్కుపోయింది. పొట్టు చాతం దీవిలోని రంపపు మిల్లుది. కొత్త పొట్టు గడ్డిని ఎదగనివ్వదని, మిల్లు వెనక ఏళ్ళ తరబడి పడి నల్లబడిన కుప్ప వెతికి తెప్పించారు. గరిక మాత్రం కలకత్తా నుంచి తడి గోనెల్లో ఓడెక్కి వచ్చింది.

ఇదంతా ఓవర్సియర్ నాయర్ సాబు నేర్పిన విద్య. మలయాళం మనిషి, నెమ్మదస్తుడు. ఏ పొర మందమైనా తన చేత్తో కొలిచి చూసుకోనిదే ముందుకు పోనిచ్చేవాడు కాదు. మొదటి గ్రీను పూర్తయిన రోజు నన్ను పిలిచి బిందెడు నీళ్ళు కుమ్మరించమన్నాడు. కుమ్మరించాను. చూస్తుండగానే నీళ్ళు ఇసుకలోకి దిగిపోయాయి, పైన తడి మరక మాత్రం మిగిలింది. కాసేపటికి అవతల గొట్టం మూతిలోంచి సన్నగా ధార వచ్చింది.

“దేఖా, సత్యారావ్?” అన్నాడు నాయర్ సాబు పసివాడిలా మురిసిపోతూ.

మా ఆయన ధార కింద దోసిలి పట్టి, ఆ నీళ్ళు మొహాన కొట్టుకున్నాడు.

గ్రీన్లన్నీ అయ్యాక మైదానం చూసుకోవడానికి ఒక మేస్త్రీని పర్మనెంటుగా పెట్టుకుంటారట. ఊళ్ళో ఓడరేవు దగ్గర హాడోలో క్వార్టరు కూడా ఇస్తారట. ఆ ఉద్యోగం సత్యారావుదే అని నాయర్ సాబు మాటిచ్చాడు. సిమెంటు గచ్చు, ఇంటిలోనే కొళాయి. ఒకనాడు బజారుకని వెళ్ళి, కావాలనే చుట్టు తిరిగి ఆ క్వార్టర్ల ముందు నుంచి నడిచి వచ్చాను. ఏ కిటికీకి ఏ గుడ్డ కట్టాలో కూడా దారిలోనే అనుకున్నాను.

మేమున్నది ఆ కొండకి పడమటి దిగువన, సిక్కోలు వైపు నుంచి వచ్చిన చేపలవాళ్ళ బస్తీలో. అన్ని ఇళ్ళ కన్నా ఎగువన, కొండగట్టుని ఆనుకుని మా మరిది కన్నారావు ఇల్లు. మాది దానికి కాస్త దిగువన. మా ఆయన పడవ వదిలేసి తాపీ పట్టాడు. కన్నారావు వదల్లేదు. అతని భార్య సీతాలు అప్పుడు పచ్చి బాలింత. పొయ్యిలు వేరైనా రాత్రి భోజనం అందరిదీ మా అరుగు మీదే.

ఆఖరి గ్రీను సరిగ్గా మా బస్తీ నెత్తిన, కొండ పడమటి అంచున వచ్చింది. దాని నీళ్ళన్నీ ఒక ఇటుక తొట్టిలోకి చేరతాయి. తొట్టి నుంచి తూర్పుగా కాలువ తవ్వి, అవతల లోయలో వాగులో కలపాలని నాయర్ సాబు ఏర్పాటు. కాలువ సగం దూరం వెళ్ళేసరికి రాయి అడ్డొచ్చింది. గునపం వేస్తే నిప్పురవ్వలు లేచే రాయి. దగ్గర్లో ఇళ్ళున్నాయని మందు పెట్టి పేల్చడానికి అనుమతి ఇవ్వలేదు. కూలీలు చాలరు. మే నెల వచ్చేసింది. మైదానం ప్రారంభించడానికి కలకత్తా నుంచి పెద్దదొర ఓడెక్కబోతున్నాడని కబురు. క్లబ్బు చైర్మన్ రోజూ జీపులో వచ్చి, నాయర్ సాబుని ఎండలో నిలబెట్టి, ఎంతవరకొచ్చిందని అడిగేవాడు.

ఒకరోజు జీపు వెళ్ళిపోయాక నాయర్ సాబు తొట్టి గట్టు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. లేచాక పడమటి గోడ చూపించాడు.

“ఇధర్ సే నికాలో,” అన్నాడు. ఇటు నుంచి కన్నం కొట్టి, గొట్టం పెట్టి నీళ్ళు వదిలెయ్యమని.

“సాబ్, నీచే బస్తీ హై,” అన్నాడు మా ఆయన, కింద మా ఇళ్ళున్నాయని గుర్తుచేస్తూ.

“మాలూమ్ హై.” తెలుసంటూనే ఆయన మా మొహాలు చూడలేదు. ప్రారంభం అయిపోనీ, మర్నాడే తూర్పు కాలువ మొదలెడదాం, ఇది తాత్కాలికం అని చెప్పుకొచ్చాడు.

మా ఆయన నా వైపు చూశాడు. నేను తట్ట దించి తలగుడ్డ సర్దుకున్నాను. అతను ఉలి తీసుకుని తొట్టిలోకి దిగాడు.

బస్తీలో కబురు దాగుతుందా? ఆ రాత్రే అన్నం దగ్గర కన్నారావు అడిగాడు.

“అన్నియ్యా, మా ఇంటి మీదకేటో గొట్టం ఎట్టీసినారట. నిజవేనా?”

“కొన్నాళ్ళకే. తరవాత తీసేత్తాం.”

“అంతవరకూ వాన ఆగుతాదేటి? నువ్వు సెప్తే ఇంటాదా?”

“ఒరే, ఆడ్ని తిననీరా,” అంది అత్త.

“తిననియ్యమ్మా, బాగా తిననియ్యి. ఆ గట్టు మీద ఎన్ని సెట్లుండీవి! ఈల్ల ఆట కోసం అన్నీ నరికీసినారు. ఏర్లు కుళ్ళిపోయిన మట్టది. ఉత్త వానకే నిలబడతాదో లేదో తెల్దు. దాని మీద ఈడు గొట్టంతో నీలు పోత్తాడు.”

సీతాలు ఒళ్ళో బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది. కన్నారావు కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాడు. అతను సగం అన్నం వదిలేసి లేవడం నేను చూడడం అదే మొదటిసారి.

తొలి జల్లు ఒక సాయంత్రం పడింది. పెద్ద వానేం కాదు. గ్రీను మీద చుక్క నిలవలేదు. నాయర్ సాబు చెప్పులు విప్పి, గరిక మీద అటూ ఇటూ నడిచి చూసుకున్నాడు. నేను అంచుకి వెళ్ళి కిందికి చూశాను. గొట్టంలోంచి ఎర్రటి ధార గట్టు మీదుగా దూకి, కన్నారావు వాకిట్లోంచి పారుతోంది. సీతాలు చేటతో మట్టి ఎత్తిపోస్తోంది.

మర్నాడు కన్నారావు నలుగురు మనుషుల్ని వెంటేసుకుని కొండెక్కాడు. చేతిలో గునపం. గట్టు మీద బీట తీసిందట, అరచెయ్యి దూరేటంత. పనివాళ్ళంతా పక్కకి తప్పుకున్నారు. మా ఆయన మాత్రం వచ్చి గొట్టం మీద కాలు పెట్టి నిలబడ్డాడు.

“తప్పుకో అన్నియ్యా. కొట్టీసి పోతాను.”

“కొట్టు. గొట్టం ఇక్కడ పగిలితే నీలు బయటికి రావు, తిన్నగా గట్టులోకి దిగుతాయి. అప్పుడు బీట కాదు, గట్టే ఊడొత్తాది.”

“మరేటి సెయ్యమంటావు?”

“కొంచిం ఓపిక పట్టు. సాబుతో మాటాడతాను.”

కన్నారావు గునపం నేలకి ఆనించాడు. “నువ్విప్పుడు మావోడివేనా, ఆల్ల మనిసివా? అది సెప్పు సాలు.”

మా ఆయన గొట్టం మీంచి కాలు తియ్యలేదు. కన్నారావు కాసేపు చూసి, గునపం భుజాన వేసుకుని దిగిపోయాడు. వెంట వచ్చినవాళ్ళలో ఒకడు తిరిగి మా ఆయన మొహంలోకి చూసి మరీ ఉమ్మేశాడు.

సత్యారావు నాయర్ సాబుతో మాట్లాడాడు. తొట్టి దగ్గర, షెడ్డు దగ్గర, జీపు వచ్చే దారిలో కూడా వెంటపడి మాట్లాడాడు. నాయర్ సాబు ప్రతిసారీ తల ఊపాడు. ఆదివారం దాటనీ అన్నాడు. ఆదివారమే ప్రారంభం.

ఇంటికొచ్చేసరికి అత్త చాప చుట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

“ఎక్కడికే అమ్మా?” అన్నాడు మా ఆయన.

“సిన్నోడింటికి. ఆ గట్టు కింద బాలింతరాలుంది. నానూ అక్కడే పడుకుంటాను.”

“అమ్మా, ఆ గట్టు…”

“అందుకేరా ఎల్తన్నాను,” అంది అత్త. గొంతులో కోపం లేదు. చాప చంకన పెట్టుకుని చీకట్లో గట్టు వైపు ఎక్కిపోయింది.

ఆ రాత్రంతా పైన తాటాకు మీద ఏం రాలినా అతను లేచి కూర్చునేవాడు.

శనివారం తెల్లారేసరికి గాలి మారింది. సముద్రం సీసం రంగుకి తిరిగింది. హాడో జెట్టీ మీద తుఫాను గుర్తు ఎగరేశారని, బస్తీలో పడవలన్నీ పైకి లాగేశారు. కొండ మీద మాత్రం కుర్చీలు దింపుతున్నారు, గుడారం తాళ్ళు బిగిస్తున్నారు. ఆఖరి గ్రీను గుంటలో ఎర్రజెండా నాటారు. గరిక పచ్చగా, ఒత్తుగా, చేత్తో నిమరాలనిపించేలా ఉంది. అందులో నా మోతలెన్నో, నా నాట్లెన్నో.

మధ్యాహ్నం దాటుతూనే వాన దిగింది. ఒక్కసారిగా, అడ్డంగా. గుడారం గుడ్డ చినిగి ఎగిరిపోయింది. అందరూ షెడ్డులోకి పరిగెత్తారు. మా ఆయన పరిగెత్తలేదు, నడుచుకుంటూ తొట్టి వైపు వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను.

తొట్టిలో నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. గొట్టాలన్నీ బాగా పనిచేస్తున్నాయి. చేప ముల్లు ప్రతి కొస నుంచీ నీళ్ళు పరిగెత్తుకొచ్చి, పడమటి కన్నంలోకి గుడగుడమని దిగిపోతున్నాయి. అంచు మీద నుంచి చూస్తే వాన తెరలో కన్నారావు ఇంటి కప్పు కనిపించింది. దాని వెనక గట్టు రంగు మారిపోయింది.

మా ఆయన తొట్టిలోకి దూకాడు. నడుం దాకా నీళ్ళు. గట్టు పక్కన పడి ఉన్న చెక్క పలక ఒకటి లాక్కుని కన్నానికి అడ్డంగా పెట్టి, భుజంతో ఆనుకున్నాడు. పలక చుట్టూ నీళ్ళు చిమ్ముతున్నాయి. బంకమట్టి కూరితే కానీ ఆగవు. తవ్వినప్పుడు తీసిన మట్టి అక్కడే కుప్పగా ఉంది, గరిక వచ్చిన గోనెలు ఉన్నాయి.

అతను తలెత్తి నా వైపు చూశాడు.

“ఎరుకా.”

“ఊఁ.”

“క్వార్టరు రాదు.”

నేను గోనెలో మట్టి నింపి అందించాను.

ఎన్ని గోనెలు అందించానో నాకు తెలియదు. చేతులు జారిపోతున్నాయి. అతను ఒక్కొక్కటి పలక చుట్టూ తొక్కి కూరాడు. గుడగుడ ఆగిపోయింది. తొట్టి నిండింది. కాసేపటికి గ్రీను కింద నుంచి నీళ్ళు పైకి ఉబకడం మొదలుపెట్టాయి. ముందు ఇసుక బుడగలు వచ్చాయి, తరువాత గరిక పాయలు పాయలుగా ఊడి తేలింది. జెండా కర్ర పక్కకి ఒరిగింది. నిండిన నీళ్ళు తూర్పు అంచు దాటి, మైదానంలోకి పొర్లాయి.

నాయర్ సాబు వానలో పరిగెత్తుకొచ్చాడు. గ్రీను చూసి, ఉన్నచోట ఆగిపోయాడు. అంత కష్టమూ కళ్ళ ముందే కొట్టుకుపోతుంటే ఆయన మొహం చూడలేకపోయాను.

“కిస్‌నే బంద్ కియా?” ఎవరు మూశారని అడిగాడు.

“మైనే, సాబ్.”

ఆయన తొట్టి గట్టు మీద మోకాళ్ళ మీద కూలబడి, నీళ్ళలో చెయ్యి ముంచి పలక పట్టుకున్నాడు. లాగేస్తాడనుకున్నాను. మా ఆయన అడ్డం వెళ్ళలేదు. చేతులు పక్కన వేలాడేసి, నీళ్ళలో అలాగే నిలబడ్డాడు.

అప్పుడు కింద చప్పుడైంది. పెద్ద చప్పుడేం కాదు. బరువైన మూట ఎవరో కింద పడేసినట్టు. గట్టులో ఒక ముక్క ఊడి జారి, కన్నారావు వంటపాకని పొయ్యితో సహా తోసుకుపోయింది. ఇంటి గోడకి ఆనుకుని ఆగింది. గోడ నిలబడింది. కన్నారావు బయటికొచ్చాడు. బిడ్డని కొంగులో చుట్టుకుని సీతాలు, ఆమె భుజం పట్టుకుని మా అత్త. ముగ్గురూ వానలో దిగువకి పరిగెత్తారు.

నాయర్ సాబు అంతా చూశాడు. పలక మీంచి చెయ్యి తీసేశాడు.

“నాతో చెప్పి మూయాల్సింది, సత్యారావ్,” అన్నాడు హిందీలో.

“చెప్తే మూయనిచ్చేవారా సాబ్?”

ఆయన లేచి వానలో షెడ్డు వైపు వెళ్ళిపోయాడు.

తుఫాను పక్కనుంచి పోయింది. ఓడ రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. పెద్దదొర రిబ్బను కత్తిరించి, షెడ్డు దగ్గరి గ్రీన్ల మీద కాసేపు ఆడి, భోంచేసి వెళ్ళిపోయాడు. ఆఖరి గ్రీను వైపు రానే లేదు. చైర్మన్ మాత్రం వచ్చి చూశాడు. ఎవరు చేశారని అడిగాడు. నాయర్ సాబు ఏవేవో సర్ది చెప్పబోయాడు కానీ, మా ఆయన ముందుకొచ్చి తనే అని చెప్పేశాడు. మళ్ళీ మైదానంలో అడుగుపెట్టొద్దన్నారు.

ఆ వారమే నాయర్ సాబు బస్తీకి దిగొచ్చాడు. కన్నారావు ఇంటి వెనక జారిన గట్టు ముందు నిలబడి తలెత్తి పైకి చూశాడు, కిందికి చూశాడు. తూర్పు కాలువకి మనుషులు కావాలి, మీరెవరైనా వస్తారా అని అడిగాడు.

“యే పహలే పూఛ్నా థా, సాబ్,” అన్నాడు కన్నారావు. మొదటే అడిగి ఉంటే మొదటే వచ్చేవాళ్ళం కదా అని.

సముద్రం ఉధృతంగా ఉండి పడవలు ఒడ్డునే ఉన్నాయి. బస్తీలో మగవాళ్ళంతా సుత్తులూ శానాలూ పట్టుకుని కొండెక్కారు. వాన తెరిపిచ్చినప్పుడల్లా రాతిని కొట్టారు. కొట్టిన ముక్కలు ఆడవాళ్ళం ఎత్తిపోశాం. రాయి మొండిదే, కానీ అన్ని చేతులకి ఎంతకని ఆగుతుంది? కాలువ వాగులో కలిసిన రోజు నాయర్ సాబే తాపీ పట్టుకుని తొట్టిలోకి దిగి, పడమటి కన్నాన్ని ఇటుకతో మూసి సిమెంటు పూశాడు. సత్యారావు ఇంటి దగ్గరే ఉన్నాడు. అరుగు మీద కూర్చుని చినిగిన వల ముందేసుకుని, మరిచిపోయిన ముడులు మళ్ళీ నేర్చుకుంటున్నాడు.

అత్త చాప మా ఇంటికి తిరిగి రాలేదు. కన్నారావు తన ఇల్లు గట్టు కింద నుంచి విప్పేసి, మా ఇంటి గోడకి ఆనించి కట్టుకున్నాడు. అప్పటి నుంచి మాది ఒకటే పొయ్యి. అన్నదమ్ములు క్షమాపణలేం చెప్పుకోలేదు. ఒక రాత్రి అన్నం తింటూ కన్నారావు, “అన్నియ్యా, రేపు పడవకొత్తావేటి?” అన్నాడు. “వత్తాను,” అన్నాడు మా ఆయన. తొలి రోజున కడుపులో ఉన్నదంతా సముద్రంలో కక్కుకున్నాడట. కన్నారావు నవ్వుతూ చెప్తే, అతనూ నవ్వాడు.

నన్ను మాత్రం నాయర్ సాబు పనిలోంచి తీయలేదు. పాడైన గ్రీను మళ్ళీ నాటాలి, గరిక నాటడం నీకు చేతయినట్టు ఇంకెవరికీ కాదన్నాడు. పొద్దున్నే అతను సముద్రంలోకి, నేను కొండ మీదికి. అంతకుముందు మేమిద్దరం ఒకే దారిన వెళ్ళేవాళ్ళం.

గరిక వేళ్ళూనుకున్నాక ఒకరోజు పొద్దుట్నుంచీ కుంభవృష్టి. నేను షెడ్డులోకి పోకుండా గోనె కప్పుకుని ఆఖరి గ్రీను పక్కనే కూర్చున్నాను. వాన కాస్త నెమ్మదించేసరికి గడ్డి మీద ఎక్కడా మడుగు లేదు. తొట్టి దాకా వెళ్ళి చూశాను, తరువాత కాలువ పొడుగునా నడిచి వాగు దాకా వెళ్ళాను.

సాయంత్రం రేవులోకి దిగేసరికి అన్నదమ్ముల పడవ అప్పుడే ఒడ్డు తగిలింది. మా ఆయన తాడు లాగుతూ నన్ను చూశాడు. కన్నారావు చేపల బుట్ట ఎత్తుకుని ముందు వెళ్ళిపోయేదాకా ఆగాడు.

“నీలు దిగినాయా?” అన్నాడు.

“దిగినాయి మావా.”

“నిలబడ్నేదు కదా?”

“సుక్క నిలబడ్నేదు.”

తాడు రాయికి చుట్టి ముడి వేశాడు. ముడి లాగి చూసుకున్నాడు.

“ఎటేపు ఎల్లినాయి?”

“తూరుపేపే,” అన్నాను.

అతను మోకాలి లోతు నీళ్ళలో వంగి, ఆ ఉప్పునీళ్ళు దోసిట పట్టి మొహం కడుక్కోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు కడుక్కున్నాడు. నేను తల తిప్పుకుని, అతను వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.